ఈ ఏడాది ఎవరి పిల్ల

మార్లాకు ఆలస్యమన్నది తెలియదు. మంచు కురిసినా, కురిసిన మంచు కరిగి రోడ్డు అద్దంలా జారుతున్నా, లేడి అడ్డం పడి కారు ముందు దీపం పగిలిన ఏడాదైనా సరే, లైల్ కంగాస్ తన ట్రక్కులో బరాగా పెట్రోలు బంకు దగ్గరికి చేరేసరికి ఆమె నీలం కారు సరస్సు వైపు మొహం పెట్టి నిలబడే ఉండేది. లోపల కూతురు అయిలా చెవుల్లో పాటలు పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉండేది. మార్లా ఒళ్ళో అల్లిక పెట్టుకుని, ఇతన్ని చూడగానే సూదులు సంచిలో దోపి, వచ్చావా మహానుభావా అన్నట్టు కనుబొమ్మ ఎగరేసేది. ఇవాళ ఆ చోట కారు లేదు. చక్రాలు పడిన జాడ కూడా లేదు. పొద్దుటి నుంచీ పడుతున్న పొడి మంచు పరుచుకుని నున్నగా ఉంది. విడాకులై తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళుగా ఇదే బంకు, ఇదే గోడవార, ఇష్పెమింగ్ నుంచి ఆమె, ఆంటొనాగన్ నుంచి ఇతను, మధ్యలో ఈ బరాగా, పిల్ల ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కడం. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మార్లా ఇతన్ని కాచుకోనిచ్చిందా? లేదు. ఇవాళే. ఇవాళే ఎందుకంటే, ఎందుకేమిటి, తెలిసి తెలిసి అడుగుతావేం, పొద్దున్న నువ్వు పంపిన ఆ మెసేజే.

ఫోను మళ్ళీ తీశాడు. తీయకూడదనుకుంటూనే తీశాడు. తను రాసిన ఆ ఒక్క ముక్కే, ముందూ వెనకా ఏమీ లేకుండా, బాగున్నావా అని కూడా లేకుండా: ఈ ఏడాది అయిలాను నువ్వు రాసేసుకున్నావా? దాని కింద చూసినట్టు గుర్తు పడింది. అంటే చూసింది. చూసి ఊరుకుంది. ఊరుకోవడం మార్లాకు రాదే! ఊరుకోవడం లైల్ విద్య, ఆ విద్యలో ఇతన్ని మించినవాడు ఆ జిల్లాలోనే లేడు, కాపురం కూలింది కూడా అందుకే. చలికాలం పొడుగునా చీకటితోనే లేచి రోడ్ల మీద మంచు తోసే బండి ఎక్కడం, వచ్చి బూట్లు విప్పి, సూప్ తాగి, కిటికీలోంచి చూస్తూ కూచోవడం. ఏమైంది అంటే ఏం లేదు. కోపమా అంటే లేదు. సంతోషమా అంటే ఊఁ. "నీతో పోట్లాడాలన్నా రెండు వైపుల మాటలూ నేనే ఆడుకోవాలి లైల్, నాకిక ఓపిక లేదు" అంది ఒకనాడు. అరవలేదు, ఏడవలేదు, గిన్నెలు తుడుచుకుంటూ అంది. ఆ మాటకైనా ఇతను నోరు విప్పాడా? "సరే" అన్నాడు. సరే! పెళ్ళాం వెళ్ళిపోతానంటే సరే అని ఊరుకున్న మగాడు ఇన్నాళ్ళకు నోరు తెరిచి ఒక ప్రశ్న అడిగాడు, ఆ అడిగింది కాస్తా ఇది. నువ్వు దొంగవా అని.

అడిగించింది డ్వైట్ అన్న. కాదు, అన్న మీద తోసేస్తే ఎలా, నొక్కిన వేలు తనదే, కానీ పక్కన కూచుని చెవిలో ఊదింది మాత్రం అన్నే. పన్ను లెక్కల కాలం వచ్చిందంటే విడిపోయినవాళ్ళ ఇళ్ళల్లో ఇదొక తంతు. పోషించే పిల్లను లెక్కలో చూపిస్తే పన్ను తగ్గి డబ్బు వెనక్కి వస్తుంది. పిల్ల ఒక్కతే, కన్నవాళ్ళు ఇద్దరు, ప్రభుత్వం దగ్గర మాత్రం ఆ పిల్లను ఒక్కరే చూపించుకోవాలి, ఇద్దరూ చూపిస్తే కుదరదు. అప్పటి జడ్జి, తెల్ల మీసాలాయన, ఇల్లు మార్లాకు, ట్రక్కు లైల్‌కు, పెరట్లో ఆవిరి గది పెకలించుకుపోలేరు కాబట్టి అది ఇంటితో పాటు అని పంచుకుంటూ వచ్చి, పిల్ల దగ్గర కాస్త ఆగి, ఒక ఏడాది తల్లి, ఒక ఏడాది తండ్రి అనేశాడు, లేడి వేటకు లైసెన్సులు పంచినట్టు. పిల్ల ఎక్కువగా ఉండేది తల్లి దగ్గర కనుక, తండ్రి వంతు వచ్చినప్పుడల్లా తల్లి ఒక కాగితం మీద సంతకం పెట్టివ్వాలి, ఈసారికి ఆయన్నే చూపించుకోనివ్వండి అని. ఈ ఏడాది వంతు లైల్‌ది. క్రిస్మస్‌కే సంతకం చేసి ఇచ్చేసింది, ఏలకుల రొట్టె పెట్టిన సంచిలోనే పెట్టి, "వెన్న అంటించి పాడుచేయకు" అని చెప్పి మరీ. అంతా సవ్యంగానే ఉంది కదా అని మొన్న కంప్యూటరు ముందు కూచుని రిటర్ను పంపితే తిరిగొచ్చింది. ఈ పిల్ల గుర్తింపు నంబరు ఇప్పటికే ఇంకో రిటర్నులో ఉంది, అని ఎర్రక్షరాలు. మళ్ళీ పంపాడు, మళ్ళీ అవే ఎర్రక్షరాలు. ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నా బాగుండేది, ఊరుకోవడం వచ్చిన మనిషే కదా, సరిగ్గా ఊరుకోవాల్సిన చోట పోయి పోయి అన్నకు చెప్పాడు.

"చూశావా" అన్నాడు డ్వైట్, పొద్దున్న తన వంటింట్లో, గుడ్డు తింటూ. "ముందు సంతకం పెట్టిచ్చి, వెనకనుంచి తనే రాసేసుకుంది. నా పెళ్ళాం చేసింది కాదూ అచ్చం ఇదే పని? ఒరేయ్, నీ నోట్లో వేలు పెట్టినా కొరకవు, అది తెలుసు ఆవిడకి. అడుగు. నే చూస్తుండగా అడుగు. లేదంటే లాయరు చేత అడిగించు."

"మార్లా అలాంటిది కాదన్నా."

"నాదీ అలాంటిది కాదనే అనుకున్నాన్రా నేనూ" అని డ్వైట్ ఫోను తీసి ఇతని చేతిలో పెట్టాడు.

అలాంటిది కాదు. కాదని తెలిసే నొక్కాడు, అదే ఇప్పుడు లోపల కెలుకుతోంది. తెలియక అడిగితే అది ప్రశ్న, తెలిసి అడిగితే అవమానం. అలాంటిదయితే భుజం విరిగిన ఆ చలికాలం ఏం చేసేది? మంచు తోసే బండి మెట్టు మీద కాలు జారి లైల్ భుజం విరగ్గొట్టుకుని, కట్టు వేసుకుని, పనిలేక తనుండే ట్రైలర్ ఇంట్లో పడి ఉన్నాడు, హీటర్ మొరాయించింది, బాగుచేయించే స్తోమత లేదు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పడం రాదు కదా. ఆ ఏడాది వంతు మార్లాది. ఇదే బంకు దగ్గర, కారు అద్దం కాస్త దించి, సంతకం చేసిన కాగితం బయటికి చాపింది. "ఇది నీ వంతు కదా" అన్నాడు. "నాకూ ఏళ్ళు లెక్కపెట్టడం వచ్చులే. పిల్ల కోటు వేసుకుని పడుకుందట నీ ఇంట్లో. అది గడ్డకట్టకూడదని ఇస్తున్నా. నీ మీద ప్రేమ కారిపోయి కాదు, లేనిపోనివి ఊహించుకోకు" అని అద్దం ఎత్తేసుకుంది. ఊహించుకోలేదు. ఊహించుకోలేదు గానీ ఇంటికి వెళ్ళే దారంతా కళ్ళు మసకబారి, ఒక చేత్తో బండి తోలుతూ ఆ చేత్తోనే తుడుచుకోవాల్సి వచ్చింది. హీటర్ కొత్తది వచ్చింది. మరుసటేడు తన వంతు ఆమెకు ఇచ్చేద్దామని చూశాడు, తీసుకోలేదు. "నీ వంతు నువ్వు తీసుకో, నాకు జాలి పడేవాళ్ళంటే గిట్టదు" అంది. అబ్బ, ఏం మనిషి! ఇచ్చినప్పుడూ తలెత్తుకునే ఉంది, ఇస్తానంటే కాదన్నప్పుడూ తలెత్తుకునే ఉంది. ఇచ్చిన సంగతి అయిలాకు ఇప్పటికీ తెలియదు, తెలిస్తే తండ్రి చిన్నబోతాడని చెప్పలేదు కాబోలు. ఈ సంగతి డ్వైట్‌కు చెప్పాడా పొద్దున్న? చెప్పలేదు. నాలుక చివరిదాకా వచ్చింది, వచ్చి ఆగింది.

అద్దం మీద టకటకమని చప్పుడైంది, లైల్ ఉలిక్కిపడ్డాడు. బంకు నడిపే బెర్నీస్, ముసలామె, చలికి ముక్కు ఎర్రగా చేసుకుని, కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏం నాయనా, చాలాసేపట్నుంచీ ఇంజను ఆపకుండా కూచున్నావు, పెట్రోలు నా దగ్గర కొనేదే అనుకో. మీ ఆవిడ ఇంకా రాలేదే?"

"మా ఆవిడ కాదు."

"సర్లే, మీ ఆవిడ కాని ఆవిడ. రాలేదేం?"

"రోడ్డు బాగా లేదేమో."

"రోడ్డు బాగా లేదని మార్లా ఆగిందా ఎప్పుడైనా? ఒకసారి మంచు తుఫాను రోజున నువ్వే రాలేదు, రోడ్లు తోసేవాడివి! ఆమె వచ్చి నా కొట్లో కూచుని, పిల్లకి చేపల సూప్ తాగించి, నిన్ను పల్లెత్తు మాట అనకుండా వెనక్కి పోయింది. నేనైతే నీ తాట తీసుండేదాన్ని. ఇంద, తాగు. డబ్బులొద్దు, మొహం చూస్తే జాలేస్తోంది."

బెర్నీస్ పోయింది. కాఫీ నాలుక కాల్చింది. పల్లెత్తు మాట అనకుండా, అదిగో, ఈ తొమ్మిదేళ్ళలో మార్లా ఇతన్ని పిల్ల ముందు పల్లెత్తు మాట అనలేదు, ఇతను ఏం చేసినా అనలేదు, అనదగినవి ఎన్ని చేశాడనీ. అయిలా చిన్నప్పుడు, ముందు పళ్ళు ఊడిన వయసులో, ఈ బండిలోనే కూచుని, మాంసం, బంగాళదుంప కూరిన కజ్జికాయలాంటి పాస్టీ తింటూ, నోటి నిండా బంగాళదుంప పెట్టుకుని, "నాన్నా, నువ్వు పడుకుంటే ఊళ్ళో ఎవరూ బయటికి రాలేరట కదా, అంబులెన్సు కూడా రాలేదట కదా, అందుకే నువ్వు మాతో ఉండవట కదా" అంది. ఎవరన్నారే అంటే అమ్మ అంది. లైల్ కిటికీ వైపు తిరిగి చాలాసేపు సరస్సు చూశాడు. తనను మనిషిని చేసి చెప్పింది. తను మూగవాడని చెప్పొచ్చు, మొద్దని చెప్పొచ్చు, ఏదీ అబద్ధం కాదు. ఊరందరికీ కావాల్సిన నాన్న అని చెప్పింది. ఆ మాట విన్నాక మంచు తోసేటప్పుడు ఒళ్ళు వంచి తోయడం మొదలుపెట్టాడు, మలుపుల దగ్గర రెండోసారి వెనక్కి వచ్చి తోయడం, ముసలివాళ్ళ ఇళ్ళ ముందు గట్టు పేరుకోకుండా చూడడం. బరాగాలో మంచు తోసేవాడున్నాడు, చూడు, ఆ మూల ఎలా వదిలేశాడో, సగం తోసి సగం వదిలాడు, సిగ్గులేని వెధవ. ఏం ఆలోచిస్తున్నాను, రోడ్డు సంగతి ఇప్పుడెందుకు. అసలు ఇంత మంచులో కారు ఎక్కడైనా జారి, ఛ, నోరు మూసుకో. జారదు. ఆమె చేతులు జారే చేతులు కావు.

ఆ చేతుల్నే ముందు చూశాడు, మొహం తర్వాత. జిల్లా రోడ్ల శాఖలో ఉద్యోగానికి రక్త పరీక్ష చేయించుకు రమ్మంటే ఆసుపత్రికి వెళ్ళాడు, అక్కడ రక్తం తీసే గదిలో ఆమె. పొట్టి వేళ్ళు, గోళ్ళు మొదలంటా కత్తిరించుకున్నవి, నరం మీద బొటనవేలు పెట్టి చూసి, ఇటు చూడకు, కిటికీలో ఉడత ఉంది చూడు అంది. ఉడత లేదు. వెతుకుతుండగానే పని అయిపోయింది, అయిపోయిందని చూసుకోగానే ఇతను దబ్బున పడిపోయాడు. కళ్ళు తెరిస్తే నేల మీద పక్కన మోకాళ్ళ మీద కూచుని, "ఇంత ఒళ్ళు వేసుకుని ఇంత సూదికి పడిపోతారా అండీ? లేపడానికి ముగ్గురు కావలసొచ్చారు" అంటోంది, నవ్వు ఆపుకోలేక ఎర్రబడి. ఆ నవ్వుకే పడ్డాడు అసలు, సూదికి కాదు. ఈ మాట ఆమెతో ఎప్పుడైనా అన్నాడా? లేదు. అనుకుంటూ ఉండిపోయాడు, అనుకుంటే చాలుననుకున్నాడు. ఆ చేతులే, ఇద్దరూ విడిపోయిన మొదటి వేసవిలో, ఒక చెక్క గరిటె పంపాయి, పిల్ల సంచిలో. గరిటె మెడకు మూడు రంగుల ఊలు దారాలు కట్టి ఉన్నాయి, ఇదేమిటే అంటే, "నాన్నకు జడ వేయడం రాదు కదా, దీని మీద నేర్చుకోమను అంది అమ్మ" అని చెప్పింది అయిలా. ఎగతాళి చేయొచ్చు ఆ చోట, నువ్వేం తండ్రివి అనొచ్చు. దారాలు కట్టి పంపింది, ఎరుపు పైనుంచి, పసుపు కిందనుంచి, మధ్యది కదలకూడదు, అని పిల్ల నోట చెప్పించింది. డ్వైట్ చూసి పడీ పడీ నవ్వాడు, నవ్వనీ. వేసవి అయ్యేసరికి లైల్ వేసిన జడతో పిల్ల ఇదే గోడవార దిగింది, మార్లా ఆ జడను అటూ ఇటూ తిప్పి చూసి, లాగి చూసి, "ఊఁ, గట్టిగానే ఉంది" అంది. జీవితంలో లైల్‌కు వచ్చిన మెప్పులన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

అదంతా ఇప్పుడు పోతుంది. పోయిందేమో కూడా. ఇక లాయర్లు మాట్లాడుకుంటారు, సంచిలో రొట్టె రాదు, సంతకాలు టపాలో వస్తాయి, వస్తే. పదహారేళ్ళ పిల్ల, ఇంకెన్నాళ్ళు ఈ బంకు దగ్గర అప్పగింతలు, చలికాలం రోడ్ల మీద ఒంటరిగా తోలనివ్వనని తల్లి పట్టుబట్టింది గనుక గానీ లేకపోతే ఇప్పుడే తన కారులో తనే వచ్చేది. ఈ మిగిలిన కాస్తా ఇలా చెడగొట్టుకున్నాడు. ఆ రోజు భార్య పోతోంది అంటే సరే అన్నాడు. ఇవాళ పోతున్నది భార్య కాదు, దీనికి పేరే లేదు, తొమ్మిదేళ్ళు ఒక్కసారైనా మాట తప్పని మనిషి ఒకరు దారికి అవతలి చివర ఉన్నారన్న ధీమా, అంతే, కానీ అది పోతుందంటే సరే అనలేడు. అనడు. రానీ. వస్తే దిగి వెళ్ళి చెబుతాడు, రాసుకుంటే రాసుకున్నావు, నీకే అవసరం పడిందేమో, అడగడం నాదే తప్పు అని. నోరు తిరుగుతుందా? తిప్పాలి. అడగడం నాదే తప్పు. ఖాళీ బండిలో పైకే అన్నాడు. అడగడం నాదే తప్పు మార్లా. అద్దం మీద ఆవిరి పట్టింది, చేత్తో తుడిచాడు, తుడిచిన చోట నీలం కారు మలుపు తిరుగుతోంది.

ఎప్పటి చోటనే ఆగింది. అయిలా ముందు సీట్లో ఉంది, చెవుల్లో పాటల్లేవు, తల వంచుకుని ఉంది. మార్లా దిగింది. కనుబొమ్మ ఎగరేయలేదు. మంచులో కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి, ట్రక్కు అవతలి తలుపు తీసి, ఎక్కి కూచుంది. ఈ బండిలో ఆమె కూచుని తొమ్మిదేళ్ళయింది. లైల్ కాఫీ కప్పు తీసి పక్కన పెట్టాడు.

"మెసేజ్ చూశాను" అంది. "చూడడం కాదు, విన్నాను. నేను తోలుతుంటే అయిలాయే పైకి చదివింది."

"అయిలానా?"

"మరి? ఫోను దాని చేతిలో ఉంది. నాకు కోపం వచ్చింది, దాచను. బండి పక్కకి తీసి ఆపేశాను, అంత వచ్చింది. ఇన్నేళ్ళలో నన్ను నువ్వు అడిగిన మొదటి ప్రశ్న అది, తెలుసా? వెళ్ళిపోతున్నా అంటే ఎందుకు అని అడగలేదు నువ్వు."

"డ్వైట్ అన్న..."

"డ్వైట్ వేలా నొక్కింది?"

"కాదు." లైల్ స్టీరింగు పట్టుకున్నాడు. ఇప్పుడు ఊరుకుంటే ఇంతే సంగతులు. "నా వేలే. అడగడం నాదే తప్పు మార్లా. నువ్వు అలాంటిదానివి కాదని నాకు తెలుసు. హీటర్ పోయిన ఏడు నువ్వు ఇచ్చింది... నేను ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు. నీలాంటి మనిషిని నేను చూడలేదు. ఆ మాట ఎప్పుడో అనాల్సింది."

మార్లా అతన్ని ఎగాదిగా చూసింది. "ఒంట్లో బాగానే ఉందా నీకు?" అంది, కానీ గొంతు మెత్తబడింది. చేతి తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుంది, ఆ పొట్టి వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను రాసుకోలేదు లైల్. అది చెప్పడానికి ఎక్కాను. ఎవరు రాసుకున్నారో పిల్లే చెబుతుంది. దారంతా ఏడిచింది. తిట్టావంటే చూడు."

అని అద్దంలోంచి చెయ్యి ఊపింది. అయిలా దిగి వచ్చి, తల్లి కాళ్ళు దాటుకుని, ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూచుంది. మొహం ఉబ్బిపోయి ఉంది. బడి అయ్యాక పాస్టీల కొట్లో అంచులు మడిచే పనికి పోతోంది కదా ఈ ఏడు, ఒంటి నిండా ఉల్లిపాయ వాసన, కడిగినా పోదు.

"నేనే నాన్నా" అంది. "నా రిటర్ను నేనే పంపుకున్నా. కొట్లో నా స్నేహితురాలు చెప్పింది, ఫోన్లోనే అయిపోతుంది, జీతంలో పట్టుకున్నది వెనక్కి ఇస్తారని. మీకు చెప్పకుండా చేసి, చేశాక చెప్పి మెప్పు కొట్టేద్దామనుకున్నా. అంతా బాగానే నింపా. ఒక్కచోట ఆ ఫారం అడిగింది, నిన్ను తమ మీద ఆధారపడ్డ మనిషిగా చూపించుకోగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని."

"అక్కడ?" అన్నాడు లైల్.

"ఎవరూ లేరు అని నొక్కా."

ఎవరూ లేరు. రెండు ఇళ్ళు, రెండు మంచాలు, రెండు ఊళ్ళల్లో రెండు పళ్ళ బ్రష్షులు ఉన్న పిల్ల, ఎవరూ లేరు అని నొక్కింది. లైల్‌కు ఎముకల్లోకి చలి దిగింది. హీటర్ లేని ట్రైలర్లో కూడా ఇంత చలి వేయలేదు. పక్కన మార్లా కిటికీ వైపు తిరిగిపోయింది, ఆమె అలా తిరగడం ఎన్నడూ చూడలేదు, అది ఇతని అలవాటు.

"ఎందుకే అలా నొక్కావు?"

"ఉన్నారు అని నొక్కితే ఎవరు అని అడుగుతుందనుకున్నా నాన్నా. ఎవరని చెప్పను? ఈ ఏడాది నేను ఎవరి పిల్లనో నాకు తెలీదు. మీరిద్దరూ మెల్లగా మాట్లాడుకుంటారుగా, నాకు వినపడకూడదని, ఈసారి నీది, వచ్చేసారి నాది అని. నేను తప్పు పేరు చెబితే మళ్ళీ జడ్జి దగ్గరికి పోతారని భయం వేసింది. ఎవరూ లేరంటే ఎవరికీ గొడవ ఉండదు కదా అని." ముక్కు చీదింది. "ఇప్పుడు చూస్తే దానివల్లే నువ్వు అమ్మని..."

"అది నా పాపం, నీది కాదు" అన్నాడు లైల్. అన్నాడు! మార్లా ఇటు తిరిగింది.

"మా ఆసుపత్రిలో ఈ పన్నుల సంగతి తెలిసినామె ఉంది, దారిలో ఆపి ఆమెకి ఫోన్ చేశా, అందుకే ఇంతసేపు" అంది మార్లా, కళ్ళు తుడుచుకుంటూ. "సరిదిద్ది మళ్ళీ పంపొచ్చట, పెద్ద నేరమేమీ కాదట. పిల్లలు చాలామంది చేసేదే అంది. దీనిది సరైతే తర్వాత నీదీ ఎలా పంపాలో ఆమే చెబుతుంది. ఫోను తియ్యవే, ఇక్కడ సిగ్నల్ ఉంది, మొదలుపెడదాం."

అయిలా ఫోను తీసింది. ముగ్గురి తలలూ ఆ చిన్న వెలుగు మీద వంగాయి, బండిలో కాఫీ, ఉల్లిపాయ, తడి ఊలు వాసన. పేజీలు తిప్పుకుంటూ పోయి పోయి ఆ ప్రశ్న దగ్గర ఆగింది. నిన్ను చూపించుకోగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా? కింద రెండే గళ్ళు. అయిలా వేలు పైన ఆగిపోయింది.

"పేరు అడిగితే?" అంది. "ఎవరి పేరు చెప్పను?"

మార్లా నోరు తెరవబోయింది. ఎప్పుడూ ఆమే చెప్పేది.

"పేరు అడిగితే మేం చూసుకుంటాం" అన్నాడు లైల్, ఆమెకంటే ముందే. "ఉన్నారా అని అడుగుతోంది కదా తల్లీ. ఉన్నారని నొక్కు."